బొమ్మ ఆగింది, మేళం ఆగలేదు

పోయిన నెల ఈ శీర్షికలో పాత లాప్‌టాప్‌ని పారేయకుండా లినక్స్ వేసుకోవడం గురించి చెప్పుకున్నాం. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14న అయిపోయింది. విండోస్ 11 ఏమో చాలావరకు 8వ తరం ఇంటెల్ చిప్‌ల నుంచే ఒప్పుకుంటుంది. అందుకని మనలో చాలామంది ఇళ్లలో బాగా పనిచేసే లాప్‌టాప్‌లే మూలన పడ్డాయి. వాటికి లినక్స్ ప్రాణం పోస్తుంది. అయితే, వేసుకున్న తర్వాత తరచూ ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. వీడియో పెడితే ఫ్యాను హోరెత్తుతుంది, బొమ్మ కుదుపులతో నడుస్తుంది. ఈ నెల దాని సంగతి చూద్దాం. ఇది నేను చదివి నేర్చుకున్నది కాదు. ఒక ముహూర్తం పోగొట్టుకుని నేర్చుకున్నది.

మొన్న ఫిబ్రవరి ఆఖర్లో విశాఖలో మా ఆడపడుచు కూతురి పెళ్లి. మా అత్తయ్యకు సొంత మనవరాలు. ఏడాది ముందే పట్టుచీర కొని బీరువాలో దాచుకున్నారు. జనవరిలో ఇక్కడ మంచు మీద జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, నడక మొదలైంది కానీ, అంత దూరం విమానంలో అప్పుడే కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. ఆవిణ్ణి వదిలి నేను కదల్లేను. మేనమామ కాబట్టి మావారు తప్పనిసరిగా ఉండాలి, ఆయన ఒక్కరే వెళ్లారు. మా అబ్బాయి కాలేజీ హాస్టల్లో ఉన్నాడు. ఇంట్లో అత్తయ్య, నేను, ఒక పాత లాప్‌టాప్.

ముహూర్తం అక్కడ రాత్రి 9 గంటల 12 నిమిషాలకు, అంటే మాకు న్యూజెర్సీలో ఉదయం 10:42. వీడియోగ్రాఫర్ యూట్యూబ్ లైవ్ లింకు పంపించాడు. లాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో పెద్ద టీవీకి తగిలించాను. అత్తయ్య ఆ పట్టుచీరే కట్టుకుని, వాకర్ పక్కన పెట్టుకుని, గిన్నెలో అక్షింతలు పట్టుకుని కూర్చున్నారు.

గౌరీపూజ దాకా ఏదోలా నడిచింది. అప్పటికే ఫ్యాను హోరు మంత్రాలను మింగేస్తోంది. మేనమామలు బుట్టలో పెళ్లికూతుర్ని ఎత్తుకుని వస్తుంటే బొమ్మ కుదిపి కుదిపి, సరిగ్గా మావారి భుజం దగ్గర ఆగిపోయింది. మంత్రాలు మాత్రం వినిపిస్తూనే ఉన్నాయి. నేను మౌస్ పట్టుకుని ఏదేదో నొక్కుతుండగానే గట్టిమేళం మోగింది. అక్కడ జీలకర్ర బెల్లం పెట్టేశారు. మా టీవీలో బుట్ట ఇంకా గాల్లోనే ఉంది.

అత్తయ్య టీవీ వంక చూశారు, నా వంక చూశారు, కళ్లు మూసుకుని అక్షింతలు టీవీ మీదికే వేశారు. "మేళం విన్నానుగా అమ్మాయ్, చాల్లే" అన్నారు. ఆవిడ కోప్పడి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

రాత్రి మావారు ఫోన్ చేశారు. "నెట్ స్లో అయి ఉంటుంది. లేకపోతే ఆ లాప్‌టాప్‌కి వయసైపోయింది. కొత్తది ఆర్డర్ పెట్టెయ్" అన్నారు. నెట్ స్లో అనుకునే కిందటేడు ఎక్కువ స్పీడున్న ప్లాన్‌కి మారాం. నెలనెలా డబ్బు పెరిగింది కానీ బొమ్మ బాగుపడలేదు. ఇక కొత్త లాప్‌టాప్ అంటే నాలుగైదు వందల డాలర్ల మాట. పైగా మూడో రోజు పొద్దున విజయనగరంలో అబ్బాయి వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం, అదీ లైవే. కొత్తది అప్పటికి వస్తుందన్న నమ్మకం లేదు. మామూలుగా అయితే ఇలాంటివి మా అబ్బాయి కోసం అట్టేపెడతాను. వాడికి మర్నాడు పరీక్ష. అందుకని ఆ రాత్రి అత్తయ్య పడుకున్నాక లాప్‌టాప్ ముందు నేనే కూర్చున్నాను.

నెట్టా, లాప్‌టాప్పా?

ముందు తేల్చుకోవాల్సింది ఇదే. తేల్చుకోవడం చాలా సులువని ఆ రాత్రే తెలిసింది. నెట్ నెమ్మదిస్తే బొమ్మ, శబ్దం రెండూ ఆగుతాయి, మధ్యలో చక్రం తిరుగుతుంది. శబ్దం సాఫీగా వస్తూ బొమ్మ ఒక్కటే కుదుపులు పడుతోందంటే, వీడియో మీ ఇంటిదాకా వచ్చింది, దాన్ని విప్పి చూపించడం లాప్‌టాప్ చేతకావడం లేదు అని అర్థం. మా ఇంట్లో మేళం ఆగలేదు, బొమ్మ ఆగింది. జవాబు అక్కడే ఉంది, నేను గమనించలేదు.

రుజువు కావాలంటే యూట్యూబ్‌లో వీడియో మీద మౌస్ కుడి బటన్ నొక్కి, "స్టాట్స్ ఫర్ నెర్డ్స్" అన్నది ఎంచుకోండి. నల్లటి చిన్న పెట్టె వస్తుంది. అందులో మూడు చూస్తే చాలు. "బఫర్ హెల్త్" ఎదురుగా ఎన్ని సెకన్ల వీడియో ముందే వచ్చి నిలవుందో ఉంటుంది. "ఫ్రేమ్స్" వరుసలో ఎన్ని బొమ్మలు వదిలేసిందో "డ్రాప్డ్" అని లెక్క ఉంటుంది. "కోడెక్స్" వరుసలో వీడియోను ఏ పద్ధతిలో కుదించారో ఉంటుంది. పెళ్లి రికార్డింగ్ పెట్టి చూశాను. నిలవ నిండుగా ఉంది, వదిలేసిన బొమ్మల లెక్క మాత్రం నేను చూస్తుండగానే వందలు దాటింది. అంటే నెట్ తప్పు కాదు. ఏడాదిగా ఎక్కువ కడుతున్న డబ్బు ఆ చిన్న పెట్టెలో కనిపించింది నాకు.

ఎందుకు ఇంత కష్టం?

4కే వీడియోలో ఒక్కో బొమ్మకు దాదాపు 83 లక్షల చుక్కలు. సెకనుకు 30 బొమ్మలంటే 25 కోట్ల చుక్కలు. అన్నీ ఉన్నవి ఉన్నట్టు పంపాలంటే ఏ నెట్టూ చాలదు. అందుకే కుదించి పంపుతారు. పెళ్లి వీడియోలో మండపం, అరటి చెట్లు, వెనకాల పూల తెర కదలవు. పురోహితుడి చెయ్యి, పెళ్లికూతురి తల కదులుతాయి. ఒక బొమ్మ పూర్తిగా పంపి, తర్వాత వాటికి మారినంత మేరే పంపుతారు. ఇక్కడ మన లాప్‌టాప్ ఆ ముక్కలన్నీ లెక్కగట్టి మళ్లీ పూర్తి బొమ్మ చెయ్యాలి, సెకనుకు 30 సార్లు.

ఈ పనికోసమే ఇంటెల్, ఏఎండీ, ఎన్విడియా గ్రాఫిక్స్ చిప్‌లలో విడిగా ఒక భాగం ఉంటుంది. అదొక్క పనే చేస్తుంది, తక్కువ కరెంటుతో, వేడెక్కకుండా చేస్తుంది. దాన్ని వాడుకోవడాన్నే హార్డ్‌వేర్ వీడియో యాక్సిలరేషన్ అంటారు. ఆ భాగంతో మాట్లాడే డ్రైవర్ లేకపోతే లాప్‌టాప్ ఆగిపోదు. ఆ బరువంతా ప్రధాన ప్రాసెసర్ మీద వేసుకుని లాగుతుంది. గ్రైండర్ అటక మీద ఉంటే రోట్లో రుబ్బినట్టు. పిండి అవుతుంది, కానీ ఇరవైమందికి అట్లు పొయ్యాలంటే మాత్రం చెయ్యి పడిపోతుంది.

మా లాప్‌టాప్ 2017లో కొన్నది, 7వ తరం ఐ5. అందులో గ్రైండర్ ఉంది. ఎవరూ అటక మీంచి దించలేదంతే.

ఉందో లేదో చూడ్డం

లినక్స్‌లో ప్రోగ్రాములు ఈ భాగంతో మాట్లాడే దారి పేరు వీఏ-ఏపీఐ. మొదట ఇంటెల్ తయారుచేసింది, ఇప్పుడు ఏఎండీ కూడా అదే వాడుతుంది. ఆ దారి తెరిచి ఉందో లేదో చెప్పే చిన్న ప్రోగ్రాము వీఏఇన్ఫో. డెబియన్, ఉబుంటు, మింట్‌లలో సినాప్టిక్ అనే ప్యాకేజీ మేనేజర్ తెరిచి, వెతికి, టిక్కు పెట్టి ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. తర్వాత టెర్మినల్ తెరిచి ఆ ఒక్క మాటే ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. టెర్మినల్ అంటే భయపడకండి, ఇది ఉన్నది చూపిస్తుందే తప్ప దేన్నీ మార్చదు.

దారి ఉంటే పొడుగాటి జాబితా వస్తుంది. హెచ్264, వీపీ9, హెచ్‌ఈవీసీ లాంటి పేర్లు ఎడమపక్క, కుడిపక్క చివర వీఎల్‌డీ అనే మూడక్షరాలు. వీఎల్‌డీ ఉన్న వరుసలన్నీ మీ చిప్ విప్పగలిగిన పద్ధతులు. దారి లేకపోతే "ఫెయిల్డ్" అన్న మాటతో రెండు మూడు వాక్యాలు వచ్చి ఆగిపోతుంది. నాకు అదే వచ్చింది. పొద్దున మా అబ్బాయిని అడిగితే తెలిసింది, "తేలిగ్గా ఉండాలని అక్కర్లేనివి తీసేశానమ్మా" అన్నాడు. తీసేసిన వాటిలో ఈ డ్రైవర్ కూడా పోయింది. మింట్, ఉబుంటు మామూలుగా వేసుకున్నవాళ్లకు ఇది చాలాసార్లు ముందే ఉంటుంది. అయినా ఒకసారి చూసుకోవడం మంచిది.

ఏ చిప్‌కి ఏ డ్రైవర్

ఇంటెల్ 5వ తరం, ఆ తర్వాతవి: "ఇంటెల్ మీడియా వీఏ డ్రైవర్". అంతకంటే పాతవి: "ఐ965 వీఏ డ్రైవర్". ఏఎండీ వాళ్లకు: "మెసా వీఏ డ్రైవర్స్". సినాప్టిక్‌లో ఈ పేర్లు ఇంగ్లీషులో, మాటల మధ్య ఖాళీకి బదులు చిన్న గీతలతో కనిపిస్తాయి. ఏ తరమో తెలియకపోతే సెట్టింగ్స్‌లో సిస్టమ్ వివరాలు చూడండి. ఐ5 తర్వాత నాలుగంకెలుంటే మొదటి అంకె తరం. 7200 అంటే 7వది.

ఎన్విడియా ఉన్నవాళ్లకు కొంచెం ఎక్కువ పని. ఆ కంపెనీ దారి వేరు. ఫైర్‌ఫాక్స్‌లో వాడాలంటే ఆ కంపెనీ సొంత డ్రైవరుతోపాటు "ఎన్విడియా వీఏఏపీఐ డ్రైవర్" అనే వంతెన లాంటిది విడిగా వేసుకోవాలి. చాలా లాప్‌టాప్‌లలో ఎన్విడియాతోపాటు ఇంటెల్ గ్రాఫిక్స్ కూడా ఉంటుంది. వీడియోలకి ఆ ఇంటెల్‌నే వాడుకుంటే తలనొప్పి ఉండదు.

ఫెడోరా వాడేవాళ్లకు ఒక మాట. పేటెంట్ల గొడవ వల్ల 2022 నుంచి ఫెడోరా తన మెసా డ్రైవర్లలో హెచ్.264, హెచ్.265 విప్పే సదుపాయాన్ని తీసేసింది. ఏఎండీ ఉన్నవాళ్లు ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే అదనపు భాండారం కలుపుకుని, అందులోంచి "ఫ్రీవరల్డ్" అని చివర ఉండే మెసా డ్రైవర్ తెచ్చుకోవాలి. ఇంటెల్ వాళ్లకు పూర్తి డ్రైవరు కూడా అక్కడే దొరుకుతుంది.

నేను ఇంటెల్ డ్రైవర్ వేసి, లాప్‌టాప్ ఒకసారి ఆపి మళ్లీ పెట్టి, వీఏఇన్ఫో కొట్టాను. జాబితా పొడుగ్గా వచ్చింది. రాత్రి ఒంటిగంటకు ఆ జాబితా చూసి అంత సంతోషించేదాన్ని న్యూజెర్సీలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

బ్రౌజర్ సంగతి

డ్రైవర్ వేస్తే సగం పని. బ్రౌజర్ కూడా దాన్ని వాడుకోవాలి. ఫైర్‌ఫాక్స్ 115 నుంచి ఇంటెల్‌కి, 136 నుంచి ఏఎండీకి లినక్స్‌లో ఇది దానంతటదే ఆన్ అయి ఉంటుంది. పాత ఫైర్‌ఫాక్స్ ఉంటే ముందు అప్‌డేట్ చేసుకోండి. అడ్రసు గడిలో అబౌట్, కోలన్, సపోర్ట్ కలిపి కొడితే ఒక పేజీ వస్తుంది. అందులో మీడియా భాగంలో కోడెక్‌ల పట్టిక ఉంటుంది. హార్డ్‌వేర్ డీకోడింగ్ అన్న నిలువు వరుసలో "సపోర్టెడ్" అని ఉన్నవి మీ లాప్‌టాప్ సుఖంగా చూపించగలిగినవి. ఏదీ లేకపోతే, సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ దగ్గర హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌కి టిక్కు ఉందో లేదో చూడండి. ఎప్పుడో ఏదో సమస్య వచ్చి మనమే తీసేసి మర్చిపోతుంటాం.

క్రోమ్, క్రోమియం వాడేవాళ్లు అడ్రసు గడిలో క్రోమ్, కోలన్, రెండు ఏటవాలు గీతలు, జీపీయూ అని కొట్టండి. "వీడియో డీకోడ్" ఎదురుగా "సాఫ్ట్‌వేర్ ఓన్లీ" అని ఉంటే రోట్లో రుబ్బుతున్నట్టే. లినక్స్ మీద క్రోమ్‌లో ఇది చాలా ఏళ్లు దానంతటదే ఆన్ అయ్యేది కాదు. దానితో కుస్తీ పట్టేకంటే వీడియోలకు ఫైర్‌ఫాక్స్ వాడుకోవడం తేలిక.

అన్నీ ఉన్నా కుదుపులు పోకపోతే

ఇక్కడ ఒక మెలిక ఉంది. చిప్ అన్ని పద్ధతులనూ విప్పలేదు. హెచ్.264 2003 నాటిది, దాదాపు అన్ని చిప్‌లకూ వచ్చు. వీపీ9 2013లో గూగుల్ తెచ్చింది. ఇంటెల్‌లో 7వ తరం నుంచి బాగా వస్తుంది. ఏవీ1 2018లో వచ్చింది, ఇంటెల్‌లో 11వ తరం నుంచే దాన్ని చిప్ విప్పగలదు. యూట్యూబ్ కొన్ని వీడియోలు ఏవీ1లో పంపుతుంది. మన పాత లాప్‌టాప్‌కి అది వస్తే, డ్రైవర్ ఉన్నా మళ్లీ ప్రాసెసరే లాగాలి.

నల్లపెట్టెలో కోడెక్స్ వరుస చూడమన్నది అందుకే. ఏవీసీ1 అంటే హెచ్.264, వీపీ09 అంటే వీపీ9, ఏవీ01 అంటే ఏవీ1. పాత లాప్‌టాప్‌లో ఏవీ01 కనిపిస్తే, ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్, కోలన్, కాన్ఫిగ్ తెరిచి, "మీడియా, చుక్క, ఏవీ1, చుక్క, ఎనేబుల్డ్" అన్నది వెతికి "ఫాల్స్" చెయ్యండి. యూట్యూబ్ వేరే పద్ధతిలో పంపుతుంది. 6వ తరం, అంతకంటే పాత ఇంటెల్ ఉన్నవాళ్లు హెచ్264ఐఫై అనే చిన్న ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే యూట్యూబ్ అన్నీ హెచ్.264లోనే పంపుతుంది. అప్పుడు 1080 కంటే పెద్ద బొమ్మ రాదు, కానీ వచ్చినంత హాయిగా నడుస్తుంది.

డ్రైవర్ వేశాక బొమ్మ ఆకుపచ్చగా మారినా, చుక్కలు చుక్కలుగా చెదిరినా కంగారు పడకండి. సెట్టింగ్స్‌లో ఆ టిక్కు తీసేస్తే మునుపటిలాగే నడుస్తుంది. ఏదీ పాడవదు. ఎక్కడో కనిపించిన పొడుగాటి ఆదేశాలను అర్థం తెలియకుండా టెర్మినల్‌లో అతికించడం మాత్రం వద్దు.

ఇంకొకటి, ఆ రోజు నాకు తెలియనిది. సరిగ్గా ముహూర్తం మీద బొమ్మ ఆగితే మరేమీ చెయ్యకండి. వీడియో కింద గేర్ బొమ్మ నొక్కి, క్వాలిటీ 720కో 480కో దించండి. చుక్కల లెక్క తగ్గగానే ప్రాసెసర్ ఊపిరి పీల్చుకుంటుంది. జరీ అంచు అంత స్పష్టంగా కనబడకపోవచ్చు, తాళి కట్టడం మాత్రం కనబడుతుంది. పది సెకన్ల పని. నాకు తెలిసి ఉంటే అత్తయ్య కళ్లు మూసుకోవాల్సి వచ్చేది కాదు.

వ్రతం రోజు

ఆ రాత్రే రికార్డింగ్ మళ్లీ పెట్టాను. బుట్ట వచ్చింది, మావారి భుజం దగ్గర ఆగలేదు, మెల్లగా కిందికి దిగింది. సిస్టమ్ మానిటర్‌లో అంతకుముందు నూటికి దగ్గరగా కొట్టుకున్న గీతలు పదీ పదిహేను దగ్గర పడుకున్నాయి. ఫ్యాను చప్పుడు లేదు. పొద్దున అత్తయ్యకు ముహూర్తం చూపించాను. చూశారు, సంతోషించారు. కానీ అక్షింతల గిన్నె తీసుకోలేదు. అయిపోయిన దానికి ఎలా వేస్తారు?

వ్రతం అక్కడ పొద్దున 10 గంటలకు. మాకు ముందురోజు రాత్రి 11:30. పడుకోమన్నా వినలేదు. గిన్నె పట్టుకుని మళ్లీ కూర్చున్నారు. లైవ్ మొదలైంది. గది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, పురోహితుడు కథ చెబుతూ మధ్యలో గొంతు సవరించుకోవడం కూడా వినిపించింది. కెమెరా మనవరాలి మీదికి వచ్చినప్పుడు అత్తయ్య ముందుకు వంగారు.

"అమ్మాయ్, దాని మెడలో ఉన్నది నా కాసుల పేరే కదూ?"

అవునండీ, అదే. మావారి చేత రహస్యంగా పంపించారట, నాకూ చెప్పలేదు. ఒక్కో కాసూ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉంది బొమ్మ. హారతి వేళకి అక్షింతలు వేశారు. ఈసారి కళ్లు తెరిచే వేశారు.

కొత్త లాప్‌టాప్ కొనలేదు. నెట్ ప్లాన్ పాతదానికి మార్చేశాను. మీ ఇంట్లో రేపో మాపో ఇలాంటి వేడుక ఉంటే, ఒక రెండు రోజుల ముందే ఏదైనా పాత పెళ్లి వీడియో పెద్ద టీవీలో పెట్టి ఆ నల్లపెట్టె ఒకసారి చూసుకోండి. పదిహేను నిమిషాల పని.

వచ్చే నెల మళ్లీ కలుద్దాం.